కోనసీమ నుంచి కువైట్‌కు: మొదటి ఏడాది కుదురుకోవడానికి చేయవలసినవి

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు దాటేటప్పుడు పక్కనున్నవారితో మాట కలిపితే, తమ అక్కో, మేనమామో, ఎదురింటి కుర్రవాడో కువైట్‌లో ఉన్నారని చెప్పేవారు ఒకరైనా తగులుతారు. రాజోలు, మలికిపురం ప్రాంతాల నుంచీ, ఆవలి ఒడ్డున నరసాపురం, పాలకొల్లు, ఆచంట వైపు నుంచీ గల్ఫ్‌కు వెళ్లడం నిన్నమొన్నటి సంగతి కాదు. అయినా వీసా తెప్పించుకోవడం గురించి మనవాళ్లకు తెలిసినంతగా, విమానం దిగిన తర్వాత మొదటి ఏడాది ఎలా గడుపుకోవాలో తెలియదు. కువైట్‌లో 14 ఏళ్లు పనిచేసి తిరిగివచ్చిన నేను, ఇప్పుడు ప్రయాణానికి ముందు మా ఇంటికి వచ్చి అడిగే పిల్లలకు చెప్పే మాటలనే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. గది, తిండి, స్నేహితులు ఎలాగోలా దొరుకుతారు. ఒకసారి పోతే మళ్లీ చేతికి రానిది ఆ దేశంలో చట్టప్రకారం ఉండే హక్కు. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా కాగితాల గొడవే ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి.

బయలుదేరకముందే: 18 నంబరా, 20 నంబరా?

కువైట్‌లో నివాస అనుమతిని, అంటే మనవాళ్లు అకామా అనేదాన్ని, నిబంధన నంబరుతో పిలుస్తారు. ప్రైవేటు కంపెనీల్లో, దుకాణాల్లో పనిచేసేవారిది 18; ఇళ్లలో వంటకు, పిల్లలను చూసుకోవడానికి, కారు నడపడానికి, తోటపనికి వెళ్లేవారిది 20. ఈ 20నే ఖాదిమ్ వీసా, అంటే పనిమనిషి వీసా, అంటారు. మీకు ఏ చట్టం వర్తిస్తుంది, జీతం ఎగ్గొడితే ఏ కార్యాలయం మెట్లు ఎక్కాలి, మరో యజమాని దగ్గరకు మారగలరా లేదా అన్నవన్నీ ఈ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి, ఏజెంటును మొట్టమొదట అడగవలసింది జీతం గురించి కాదు, ఈ నంబరు గురించి.

18 మీద వెళ్లేవారికి 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పనిచేయిస్తే అదనపు గంటలకు జీతంపై మరో 25 శాతం కలిపి ఇవ్వాలి. ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. పని మానేటప్పుడు ఇచ్చే సర్వీసు సొమ్మును మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున లెక్కగడతారు. అయితే మూడేళ్లు నిండకుండా మీ అంతట మీరు రాజీనామా చేస్తే ఆ సొమ్ము రాదు. పదేళ్లు నిండితేగాని పూర్తిగా రాదు. 20 మీద వెళ్లేవారికి ఇళ్లలో పనిచేసేవారి కోసం చేసిన 2015 నాటి 68వ నంబరు చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం పని రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున కట్టి ఇవ్వాలి, పాస్‌పోర్టును యజమాని తన దగ్గర దాచుకోకూడదు. కనీస జీతం 60 దీనార్లని 2016లో నిర్ణయించారు.

ఆజాద్ వీసా అనే మాట వినబడితే అక్కడితో బేరం ఆపేయండి. అటువంటి వీసా కువైట్ చట్టంలో ఎక్కడా లేదు. ఎవరో ఒక కువైటీ పేరు మీద 20 నంబరు తీసి, ఆయనకు ఏటా ఇంత అని ముట్టజెప్పి బయట ఎక్కడైనా పనిచేసుకోవచ్చునని చెప్పడమే దాని అర్థం. నేను మొదటిసారి వెళ్లింది అలాగే. మా ఊరికి దగ్గరలోని ఒక ఏజెంటుకు లక్షన్నర కట్టాను, అదీ నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చి. అంటే నెలకు 4,500 రూపాయలు వడ్డీకే పోయేవి. ఫర్వానియాలో ఒక హోటల్ వంటగదిలో గిన్నెలు తోముతుండగా తనిఖీవాళ్లు ముందు గుమ్మంలోంచి వచ్చారని తెలిసి, సబ్బు చేతులతోనే వెనక సందులోకి దూకి, ఏసీ పెట్టెల నుంచి నీళ్లు కారుతున్న గోడవారన రెండు గంటలు కూర్చున్నాను. ఆ రోజు దొరకలేదు కాబట్టి తర్వాత 18 మీద సక్రమంగా వెళ్లగలిగాను. దొరికి ఉంటే వేలిముద్రలు తీసుకుని పంపేసేవారు. ఆ తర్వాత కువైట్ తలుపు మూసుకుపోయినట్టే.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ రకానికి చెందుతుంది. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లాలంటే వీరికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం అనుమతి ఉండాలి. ఇంటిపనికి వెళ్లే ఈసీఆర్ స్త్రీలకు 30 ఏళ్లు నిండి ఉండాలి. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు తన సేవకు తీసుకోదగినది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. ఏజెంటు వద్దనుకుంటే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ రెండేళ్లకు 275 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. ఈసీఆర్ అనుమతి గొడవ తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద దుబాయ్‌కో, మస్కట్‌కో పంపి అక్కడి నుంచి కువైట్‌కు దాటిస్తామనేవారి మాట అసలే వినవద్దు. ఆ దారిన వెళ్లినవారికి కష్టం వచ్చినప్పుడు వాళ్లు దేశం దాటినట్టు మన ప్రభుత్వం దగ్గర సరైన లెక్క కూడా ఉండదు.

పెట్టెలో ఏం ఉండకూడదు

ఏం పెట్టాలో మీ అమ్మగారికి బాగా తెలుసు. ఆవకాయ, కందిపొడి, ఎండు రొయ్యలు, ఆత్రేయపురం పూతరేకులు ఆవిడే సర్దుతారు. ఆవిడకు తెలియకుండా పెట్టేది గసగసాలు. మాంసం కూరలోకని చిన్న పొట్లం కట్టి మసాలా డబ్బాలో వేస్తారు. గల్ఫ్ దేశాల్లో గసగసాలను మాదకద్రవ్యంగా చూస్తారు. ఆ చిన్న పొట్లానికి జైలు దాకా వెళ్లవలసి రావచ్చు. కోడీన్ కలిసిన దగ్గు మందు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు కూడా అంతే. బీపీ, షుగరు మందులైతే డాక్టరు చీటీతో సహా తీసుకువెళ్లండి. ఊళ్లో ఎవరైనా వచ్చి, మా అల్లుడికి ఈ పచ్చడి డబ్బా ఇవ్వు బాబూ అంటే, వారి ముందే మూత విప్పి చూడండి, విప్పనివ్వకపోతే పుచ్చుకోవద్దు. మొహమాటం మనవాళ్లకు ఎక్కువ, కాని విమానాశ్రయంలో ఆ డబ్బా మీదే అవుతుంది.

పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం మూడింటినీ ఫోటో తీసి ఫోనులోనూ, ఇంట్లో ఒకరి ఫోనులోనూ ఉంచండి. ఒప్పందంలో అరబిక్ పక్కన ఇంగ్లీషు లేకపోతే, సంతకం చేసేముందు చదివించుకోండి.

మొదటి రెండు నెలలు: బతాకా చేతికి వచ్చేదాకా

దిగిన వెంటనే వేలిముద్రలు, షువైఖ్‌లోని కేంద్రం వంటిచోట వైద్యపరీక్ష, ఆ తర్వాత అకామా, చివరికి సివిల్ ఐడీ అనే గుర్తింపు కార్డు: ఇదీ వరుస. కంపెనీ తరఫున ఈ పనులు చేసిపెట్టే మనిషిని మందూబ్ అంటారు. అతడు మర్చిపోయినా ఆలస్యానికి జరిమానా పడేది మీ నంబరు మీదే కాబట్టి, వీసా మీది గడువు తేదీ మీరే గుర్తుపెట్టుకుని, వారానికొకసారి మర్యాదగా అడుగుతూ ఉండండి.

సివిల్ ఐడీని మనవాళ్లు బతాకా అంటారు. అందులోని 12 అంకెల నంబరే కువైట్‌లో మీ అసలు పేరు. ఆసుపత్రిలో, బ్యాంకులో, ఫోను సిమ్ములో అదే అడుగుతారు. 1994 ఆగస్టు 15న పుట్టినవారి నంబరు 2940815తో మొదలవుతుంది: 2 అంటే 1900ల్లో పుట్టినవారు, 3 అంటే 2000 తర్వాత పుట్టినవారు. కార్డు చేతికి రాగానే ఈ అంకెలు పుట్టినతేదీతో సరిపోయాయా, ఇంగ్లీషు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నదా అని అక్కడే చూసుకోవాలి. అరబిక్‌లో మన ప అక్షరం లేదు కనుక అటువైపు పద్మ కాస్తా బద్మ అవుతుంది, పాలకొల్లు బాలకొల్లు అవుతుంది, దానికి కంగారుపడనక్కరలేదు.

కార్డు మీది చిరునామా మీరు నిజంగా ఉంటున్న గదిదే అయి ఉండాలి. గది మారితే 30 రోజుల్లో మార్పించుకోవాలి, లేకపోతే జరిమానా. సహెల్ అనే ప్రభుత్వ యాప్‌ను బతాకా నంబరుతో ఫోనులో పెట్టుకుంటే అకామా గడువు, మీ మీద ఏవైనా జరిమానాలు, కేసులు ఉన్నాయేమో మీ అంతట మీరే చూసుకోవచ్చు. నెలకొకసారి, జీతం పడిన రోజున, తప్పనిసరిగా చూడండి. పనిలోకి రావడం లేదని యజమాని పరారీ కేసు పెట్టిన సంగతి కొందరికి నెలల తర్వాత, రోడ్డు మీద పోలీసులు ఆపినప్పుడుగాని తెలియదు. వెంటనే తెలిస్తే సమాధానం చెప్పుకునే వ్యవధి ఉంటుంది.

జీతాన్ని చేతికి కాక బ్యాంకులో వేయించుకోండి. రేపు కార్మిక శాఖలో ఫిర్యాదు చేయవలసివస్తే బ్యాంకు కాగితం సాక్ష్యం చెబుతుంది, చేతికిచ్చిన నోట్లు చెప్పవు.

గది చూసుకునేటప్పుడు

ఒంటరి మగవారు ఎక్కువగా ఫర్వానియా, ఖైతాన్, అబ్బాసియా, మహబూలా, మంగాఫ్ వంటి చోట్ల గదిలో నలుగురైదుగురు కలిసి ఉంటారు. అద్దె ఎంత తక్కువని చూసేముందు, మంటలు లేస్తే ఎటు పరుగెత్తాలో చూడండి. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికులుండే భవనంలో మంటలు చెలరేగి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో మన రాష్ట్రంవారూ ఉన్నారు. నేనైతే గది చూడటానికి వెళ్లినవారిని మూడు పనులు చేయమంటాను. మెట్ల మీదుగా పైకప్పు దాకా నడిచి, అక్కడి తలుపుకు తాళం వేసి ఉందేమో చూడాలి. మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు, పాత పరుపులు పోగుచేసి ఉన్నాయేమో చూడాలి. గదిని చెక్కతోనో, ప్లాస్టిక్ పలకలతోనో రెండుగా చీల్చి ఉంటే, పక్కవాటాకు దారి ఎటో అడగాలి. ఈ మూడింటికీ భవనం కాపలాదారు, అంటే హారిస్, విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

చేరిన రోజునే చిరునామా ఇంటికి పంపండి. కువైట్ చిరునామాలో ఊరి పేరు, బ్లాకు, వీధి, ఇంటి నంబరు ఉంటాయి. అంతకంటే తేలిక పని, భవనం గుమ్మం దగ్గర సివిల్ ఐడీ శాఖవారు బిగించిన నంబరు పలకను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం. అత్యవసరమైతే 112కు ఫోన్ చేసి ఆ నంబరు చెబితే చాలు.

ఇళ్లలో పనికి వెళ్లే మా అక్కచెల్లెళ్లకు ఈ పలక ఫోటో మరీ ముఖ్యం. మా పిన్ని కూతురు ఒక ఇంట్లో ఎనిమిది నెలలు ఉంది. జీతం మూడు నెలలు ఆగిపోయినప్పుడు ఎక్కడ ఉన్నావమ్మా అని అడిగితే, పెద్ద గేటు, ఖర్జూరపు చెట్లు అని తప్ప చెప్పలేకపోయింది. కువైట్‌లో సగం ఇళ్లకు పెద్ద గేటూ ఖర్జూరపు చెట్లూ ఉంటాయి. చెత్త వేయడానికి గేటు దాటినప్పుడు ఆ పలకను ఫోటో తీసి పంపిన తర్వాతగాని మేము రాయబార కార్యాలయానికి సరైన ఫిర్యాదు ఇవ్వలేకపోయాము. కువైట్ సిటీలోని మన రాయబార కార్యాలయంలో ఇంటిపనివారి ఫిర్యాదులు తీసుకుంటారు, నిలువనీడ లేని స్త్రీలకు ఆశ్రయమూ ఉంది. ఊళ్లో ఉన్నవారు విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లోగాని, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్ఆర్టీఎస్ ద్వారాగాని ఫిర్యాదు చేయవచ్చు. ఏది చేసినా పాస్‌పోర్టు నంబరు, ఈ చిరునామా, యజమాని పేరు ముందుగా అడుగుతారు.

అంకెలు, ఎండ, శుక్రవారం

దీనారుకు 100 కాదు, 1000 ఫిల్సు. ధర చీటీ మీద 1.250 అని ఉంటే దీనారు 250 ఫిల్సు అని అర్థం. అరబిక్ అంకెలు రెండు రోజుల్లో వస్తాయి, కాని ఒకటి జాగ్రత్త: మన సున్నాలా గుండ్రంగా ఉండేది వాళ్లకు 5, సున్నాకు వాళ్లు చుక్క పెడతారు. మన 7లా కనిపించేది 6. పాత రశీదుల మీద, కొన్ని మందుల పెట్టెల మీద ఇవే ఉంటాయి.

మన దగ్గర ఎండలో చెమట కారుతుంది, ఒంట్లో నీరు పోతోందని తెలుస్తుంది. అక్కడి పొడి గాలిలో చెమట పుట్టీపుట్టకముందే ఆరిపోతుంది, దాహం వేసేసరికే ఆలస్యమైపోతుంది. మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 దాకా ఆరుబయట ఎండలో పనిచేయించడం నిషేధం. ఆ వేళలో పనిచేయమంటే ఫిర్యాదు చేయవచ్చు. కాలువ గట్టున పెరిగినవారికి నది అన్నదే లేని దేశం మొదట్లో దిగులు పుట్టిస్తుంది, తాగే నీరు కూడా సముద్రం నుంచి ఉప్పు తీసినదే. డిసెంబరు, జనవరి రాత్రులు గట్టిగా చలేస్తుంది కనుక పెట్టెలో ఒక స్వెట్టరు ఉండాలి.

రంజాన్ నెలలో పగటిపూట బహిరంగంగా తినడం, తాగడం, సిగరెట్ కాల్చడం ఏ మతంవారికైనా నేరమే. మద్యం ఏడాది పొడవునా నిషేధం. గదుల్లో దొంగతనంగా కాచేవారి జోలికి పోవద్దు.

వారాంతం శుక్ర, శనివారాలు. శుక్రవారం మధ్యాహ్నానికి మనవాళ్లు కువైట్ సిటీలోని మాలియా ప్రాంతానికి చేరతారు. బస్సులన్నీ అటే వెళ్తాయి, కరివేపాకు నుంచి సోనామసూరి దాకా దొరుకుతుంది, కడప యాసా గోదావరి యాసా కలిసి వినబడతాయి. నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగు ప్రార్థనలు జరుగుతాయి. మొదటి నెలలో ఒక్కసారైనా వెళ్లండి. కాని అక్కడ పరిచయమైన మూడో వారమే, బ్యాంకు అప్పుకు జామీను సంతకం పెట్టు తమ్ముడూ అని అడిగేవారు ఉంటారు. పెట్టవద్దు. అతడు అప్పు ఎగ్గొట్టి ఊరికి పోతే మీ ప్రయాణానికే నిషేధం పడుతుంది.

డబ్బు

దీనారు విలువ 250 రూపాయల పైమాటే, కాబట్టి 120 దీనార్ల జీతం ఊళ్లో 30,000గా వినబడుతుంది. ఆ మాట ఊరంతా పాకేలోపే, గది, తిండి, బస్సు, ఫోను పోగా మీకు మిగిలేది ఎంతో ఇంట్లోవారికి స్పష్టంగా చెప్పండి. మొదటి మూడు నెలలు అప్పు వడ్డీకి సరిపడా మాత్రమే పంపి, మిగిలినది తిరుగు టిక్కెట్టుకు సరిపోయేదాకా దగ్గర ఉంచుకోవాలని నా అభిప్రాయం. టిక్కెట్టు డబ్బులు చేతిలో ఉన్న మనిషి చెడ్డ యజమానికి కాదని చెప్పగలడు. ఆ తర్వాత అసలు తీర్చడం మొదలుపెట్టండి. శ్లాబు ఇల్లు, చెల్లి పెళ్లికి పెట్టుపోతలు వరుసలో దాని వెనకే.

పంపేటప్పుడు లైసెన్సు ఉన్న ఎక్స్ఛేంజీ నుంచి పంపి రశీదు దాచండి. హవాలాలో రూపాయి ఎక్కువ వస్తుందని ఆశపడితే రేపు పొలం కొన్నప్పుడు ఆ సొమ్ముకు లెక్క చూపలేరు. విదేశీ ఉద్యోగంలో చేరాక ఊళ్లోని పాత సేవింగ్సు ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే ఇక్కడి రాబడి కోసం ప్రవాసులకు ఉండే ఖాతాగా, మార్పించుకోవాలి; కువైట్ జీతానికి ఎన్ఆర్ఈ, అంటే విదేశీ సంపాదన వేసుకునే ప్రవాసుల ఖాతా, తెరవాలి. ఎన్ఆర్ఈ ఖాతాలో వచ్చే వడ్డీకి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు. కొబ్బరితోటో, వరిచేనో అన్నదమ్ముల పేరున కలిసి ఉంటే, రిజిస్ట్రేషన్ పనికి రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఏ పనికి ఇస్తున్నారో ఆ ఒక్క పనికే రాయించండి.

మొదటి సెలవుకు వచ్చేటప్పుడు

ఏడాది నిండి, సంక్రాంతికో, జగ్గన్నతోట ప్రభల తీర్థానికో రావాలనుకుంటే, టిక్కెట్టు కొనేముందు కాగితాలు చూసుకోండి. 2025 జూలై 1 నుంచి 18 నంబరువారు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన నిష్క్రమణ అనుమతి ఉండాలి. అది ఆన్‌లైన్‌లో వస్తుంది. ట్రాఫిక్ జరిమానాలు, ఫోను బిల్లు బాకీలు ముందే కట్టేయండి. అకామా గడువు మీరు తిరిగి వెళ్లే తేదీ తర్వాత కూడా ఉండాలి. 18 మీద ఉన్నవారు 6 నెలలకు మించి బయట ఉంటే అకామా రద్దవుతుంది, ఇంటిపనివారికి గడువు ఇంకా తక్కువ. సెలవు జీతం చేతికి లేదా ఖాతాకు వచ్చిన తర్వాతే పెట్టె కట్టండి, తిరిగివచ్చాక ఇస్తానన్న మాట కాగితం మీద లేకపోతే లెక్కలోకి రాదు. రాజోలు వచ్చాక మొదటి వారంలోనే పాస్‌పోర్టు గడువు చూసుకుని, ఏడాదిలోపు ముగిసేలా ఉంటే భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రంలో కొత్తదానికి దరఖాస్తు చేయండి; కొత్త నంబరు వచ్చాక తిరిగి వెళ్లేటప్పుడు పాతదీ కొత్తదీ రెండూ వెంట ఉంచుకుని, వెళ్లగానే మందూబ్‌కు చెప్పి అకామాను కొత్త పాస్‌పోర్టు నంబరుకు మార్పించుకోవాలి.